అద్దం వెనక బంగారం

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు రెండు ముఖాలు. ఒకటి వూరంతా ఎరిగినది. 1874లో నిజాం హయాములో స్టేషను వెలిసింది మొదలు బండ్లూ, రిక్షాలూ, ఆటోలూ, ఇప్పుడు మెట్రో రైలూ అన్నీ ఆ ముఖం చుట్టూనే తిరుగుతున్నాయి. రెండో ముఖం చూడాలంటే పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు దిగాలి. అటు దిగితే బోయిగూడ. పేరే చెబుతున్నది గదా, పల్లకీలు మోసే బోయీల గూడెమని. వూరేగింపులో పల్లకీ ఎక్కినవాణ్ణి అందరూ చూస్తారు, మోసేవాణ్ణి ఎవరూ చూడరు. స్టేషను వెనక ఈ పేట సంగతీ అంతే.

బోయిగూడలో అడుగు పెట్టగానే మొట్టమొదట పలకరించేది కళ్లను కాదు, ముక్కును. అది కోసిన టేకు పొట్టు వాసన. రోడ్డుకు రెండు పక్కలా టింబరు డిపోలు, కోత మిల్లులు, గుమ్మాలూ ద్వారబంధాలూ నిలబెట్టిన కొట్లు. ఈ జంట నగరాలలో ఇల్లు కట్టిన గృహస్థు ఎవరైనా ఒక్కసారైనా యిక్కడికి వచ్చి, దుంగను చేత్తో తట్టి, తనకు కలప గురించి అంతా తెలిసినట్టు తలపంకించి వుంటాడు. గోదాములు కూడా ఎక్కువే. అందులో ఒక తుక్కు గోదాములో 2022 మార్చి 23 తెల్లవారుజామున నిప్పంటుకుని, పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. పేపర్లలో ఆ వార్త చదివిన తరువాత నాకు ఆ సందులో నడుస్తుంటే మేడమెట్ల వైపు చూడటం అలవాటైంది.

నా రెండో అలవాటు బోర్డులు చదవడం. పూర్వం బోర్డును చూస్తే రాసినవాడి చెయ్యి తెలిసేది. ఒకాయన ‘స’ పొట్ట నింపి రాస్తే, మరొకాయన తలకట్టును కత్తి అంచులాగా విసిరేవాడు. ఇప్పుడు ఫ్లెక్సీలు, లోపల దీపాలు వెలిగే ప్లాస్టికు డబ్బాలు, రేడియం స్టిక్కర్లు. అన్నీ ఒక్కచేతి రాతలే, కంప్యూటరు చెయ్యి. తిట్టడానికేమీ లేదు. కొత్తగా కిరాణా కొట్టు పెట్టుకున్నవాడికి పొద్దున చెబితే సాయంత్రానికి బోర్డు చేతికొస్తున్నది, అదీ అతని స్తోమతులో.

నేను ఆ రోజు బోయిగూడకు వెళ్లింది మాత్రం కలపకూ కాదు, ఫ్లెక్సీకీ కాదు. నా చంకలో పాత బొంత చుట్టిన గాజు పలక ఒకటి వుంది. దాని కథ కాస్త చెప్పాలి.

మా మామగారు హోమియో వైద్యులు. 1958లో సికింద్రాబాదులో ఒక గది అద్దెకు తీసుకుని వైద్యశాల తెరిచినప్పుడు ఆయన ఒకే ఒక్క ఆడంబరం చేశారు, అది ఈ బోర్డు. రెండున్నర అడుగుల పొడవు, అడుగు ఎత్తు గాజు. నల్లని నేల మీద బంగారు అక్షరాలు. పైన తెలుగులో ఆయన పేరు. కింద ‘హోమియో వైద్యులు’ అని. ఆ కింద అదే సంగతి ఉర్దూలో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి రెండేళ్లు. వచ్చే రోగులలో సగం మంది ఉర్దూ చదివేవాళ్లు. ఆయన పోయిన తరువాత ఆ బోర్డు అటకెక్కింది. ఒక వానాకాలం గోడ వూటకు కుడివైపు మూల తడిసి బంగారం లేచిపోయింది. చిత్రం చూడండి, పోయింది ఒకటే మూల. అయినా తెలుగులో పోయినవి చివరి అక్షరాలు, ఉర్దూలో పోయినవి మొదటివి. ‘హోమియో వై’ అని మిగిలింది. కింద ‘డాక్టర్’ అన్న ఉర్దూ మాటకు తల తెగింది.

మా అబ్బాయి పళ్ల డాక్టరు. సొంత క్లినిక్కు పెట్టుకుంటూ, తాతయ్య బోర్డు లోపలి గోడకు పెడదామన్నాడు. పెట్టడమంటే వాడి వుద్దేశం ఫోటో తీసి, పోయిన అక్షరాలు కంప్యూటరులో నింపి, అచ్చు వేయించి అదే గాజు మీద అతికించడం. ‘ఎవరికీ తేడా తెలియదు’ అన్నాడు.

‘మా నాన్న పేరు గీకి పారేసి రబ్బరు కాగితం అంటిస్తావురా?’ అన్నది మా ఆవిడ. ఆ తరువాత రెండు రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

బోర్డుకు కర్ర చట్రం చేయిద్దామని వాకబు చేస్తుంటే బోయిగూడ వడ్రంగి ఒకాయన, ‘చట్రం సంగతి తర్వాత సార్, ముందు మా సందు చివర ఉస్తాద్‌కు చూపియ్యుండ్రి’ అని దారి చూపించాడు.

దుకాణం ముందు సగం ఆయన మనవడిది. స్టిక్కర్లు కత్తిరించే యంత్రం చీమ పాకినట్టు సన్నగా చప్పుడు చేస్తూ మోటారు సైకిలు నంబర్లు కోస్తున్నది. వెనక సగం ఉస్తాద్‌ది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. కళ్లద్దాలకు తాడు. గోళ్ల సందుల్లో ఎన్నేళ్ల రంగో వుంది. బొంత విప్పగానే ఆయన బోర్డును ముందు నుంచి చూడలేదు. తిప్పి వీపు చూశాడు. తరువాత కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి నన్ను దగ్గరికి పిలిచాడు.

‘గీడ జూడుండ్రి సార్.’

వెనకనున్న నల్లరంగు రాలిపోయి రేకు మాత్రం మిగిలిన చోటు ఒకటుంది, చిటికెన వేలి గోరంత. ముందు నుంచి చూస్తే పచ్చని పసిమి. వెలుతురుకు అడ్డం పెడితే అదే చోటు లేత ఆకుపచ్చగా, కొలనులో నీళ్లలాగా కనిపించింది. నా కళ్లను నేను నమ్మలేదు.

‘అసలు బంగారమైతెనే వెలుగు గిట్ల వస్తది. ఇత్తడి రేకు మందంగుంటది, వెలుగు రానియ్యదు. అరవై ఏండ్లకు నల్లగ గూడ అయితుండె’ అన్నాడు.

ఆ రేకు ఎంత పలుచనిదంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. మామూలు కాగితం మిల్లీమీటరులో పదో వంతనుకుంటే, ఆ మందానికి ఇవి వెయ్యి పేర్చాలి. అరచేతికంటే చిన్న చదరపు రేకులు, ఇరవై అయిదు కలిపి ఒక పుస్తకం. పుస్తకమంతా కలిపి బంగారం అర గ్రాముకు మించదు. మా ఆవిడ ముక్కుపుడకతో ఒక బజారు వీధిలో బోర్డులన్నీ రాయించవచ్చునేమో! వేలితో పట్టుకుంటే రేకు వుండదు, వేలికి పసుపు పూసినట్టు మిగులుతుంది. ఉస్తాద్ దగ్గరున్నది జర్మనీ పుస్తకం. అక్కడ ష్వాబాఖ్ అనే వూరు, జపానులో కనజావా పట్నం ఈ రేకులు కొట్టడానికి పేరుపడ్డాయి.

మా అబ్బాయి ఆలోచన చెబితే ఆయన నవ్వాడు గాని ఎగతాళి చెయ్యలేదు. మనవడి వైపు చూపిస్తూ, ‘అది గూడ మంచిగనే జేస్తడు. కాని గీకితే పోయిందాన్ని మళ్ల దేలేం. నేనైతే పాతది ముట్ట. పోయినంత మేర పెడ్త. ఒక్క మాట సార్. నీళ్లతోని పెట్టాలె. ఆ తడి పాత బంగారం కిందికి పాకిందనుకోండ్రి, ‘వై’ లేస్తది, పేరు గూడ లేస్తది. గ్యారంటీ ఇయ్యను. ఇంట్ల అమ్మను అడిగి రాండ్రి’ అన్నాడు.

అడిగాను. మా ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. అన్నం వడ్డిస్తూ, ‘పని జరిగేటప్పుడు నేను కూడా వస్తాను’ అన్నది. ఒప్పుకున్నట్టో, కాపలాకో నాకు తెలియలేదు.

పనికి వారం గడువు పెట్టాడు ఉస్తాద్. ఆ వారంలో ఒకనాడు పాతబస్తీకి వెళ్లాను. రేకు ఎట్లా పుడుతుందో చూడాలనిపించింది. చార్మినార్ దగ్గరి సందుల్లో వరఖు కొట్టేవాళ్ల సుత్తి చప్పుడు మీరు వినే వుంటారు. పొరలు పొరలుగా కుట్టిన పుస్తకంలో పొరకొక వెండి తునక పెట్టి, రాతి దిమ్మె మీద గంటల తరబడి కొడతారు. తాళం తప్పకుండా పడే దెబ్బ అది. మన స్వీట్ల మీద, పాన్ల మీద మెరిసేది ఆ వెండే. బంగారం వరఖు హకీముల మందుల్లోకీ, గొప్పవాళ్ల విందుల్లోకీ పోతుంది. పూర్వం ఆ పుస్తకం పొరలు తోలువి. 2016లో ఆహార భద్రతా సంస్థ వెండి రేకు తయారీలో జంతు సంబంధమైన వస్తువేదీ వాడరాదన్నది. తినే రేకుకు ఇన్ని నియమాలుంటే, చూసే రేకుకు ఇంకొక నియమం: ఎక్కడా చిల్లి వుండకూడదు. నోట్లో కరిగేదానికి చిల్లి వుంటే ఎవరడుగుతారు? గాజు వెనక సూదిమొన అంత చిల్లి వున్నా ముందు నల్ల చుక్కై నిలబడుతుంది.

గాజు వెనక బంగారం పెట్టడం చాలా పాత విద్య. నాలుగో శతాబ్దం నాటికే రోమనులు రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు బొమ్మలు ఇమిడ్చి గిన్నెలు చేశారు. ఫ్రెంచివాళ్లు ఈ విద్యకు పెట్టిన పేరు పద్దెనిమిదో శతాబ్దంలో పారిసులో పటాలకు చట్రాలు కట్టిన గ్లోమీ అనే ఆయన పేరులోంచి వచ్చింది. పని వేల చేతులదైనా పేరు ఒక్కడికి దక్కడం అక్కడ కూడా వున్నదన్నమాట! పంతొమ్మిదో శతాబ్దంలో లండనులో బ్యాంకులూ, వకీళ్లూ, వైద్యులూ తమ కిటికీ అద్దాల మీద పేర్లు ఇట్లాగే రాయించుకున్నారు. సికింద్రాబాదు 1806లో సికందర్ జా పేరు మీద ఏర్పడ్డ దండు వూరు. దొరల కోసం జేమ్స్ స్ట్రీటులోనూ, కింగ్స్‌వేలోనూ కొట్లు వెలిశాయి. నేటి మహాత్మాగాంధీ రోడ్డూ, రాష్ట్రపతి రోడ్డూ అవే. గాజు బోర్డుల మోజు ఆ కొట్ల గుమ్మాల మీదుగానే మన వైద్యుల దాకా వచ్చి వుంటుందని నా వూహ.

అయితే ఈ విద్య మనవాళ్లకు దొరల ద్వారానే తెలిసిందనుకోనక్కరలేదు. తంజావూరు పటాలు చూశారు గదా, బంగారు రేకు ఒత్తిన కృష్ణుడూ, పట్టాభిషేకమూను. ఆ పటాలు వేసినవాళ్లలో రాజులనే తెలుగు కుటుంబాలు వున్నాయి. విజయనగరపు నాయకరాజుల వెంట తెలుగుదేశం నుంచి దక్షిణానికి వెళ్లినవాళ్లు. అక్కడే గాజు పటాలు కూడా వేశారు. గాజు పటానికి అంతా తలకిందులు. మామూలు పటంలో ముఖం వేసి, కళ్లు దిద్ది, చిట్టచివర బొట్టు పెడతారు. గాజు వెనక వేసేటప్పుడు బొట్టు మొదట పెట్టాలి. తరువాత నగలు, ఆ తరువాత నుదురు. మొదట పెట్టినదే పైకి కనిపించేది. ముఖమంతా వేశాక బొట్టు వంకరపోయిందని తెలిస్తే, దిద్దడానికి చెయ్యి చేరదు.

వారం తరువాత ఇద్దరం బోయిగూడ చేరేసరికి ఉస్తాద్ బోర్డును వాలుబల్ల మీద, వీపు ఇటు తిప్పి నిలబెట్టి వున్నాడు. ముందు రోజే పాడైన మూలను బ్లేడుతో గీకి, సుద్దపొడితో రుద్ది, పాత బంగారం అంచు వెంట వెంట్రుకంత గీతగా వార్నీషు పూసి గట్టు కట్టాడు. తడి దాటకుండా. బోర్డును కూడా ఒక పక్కకు వాల్చాడు, నీళ్లు మా మామగారి పేరు వైపు కాక బయటికి జారేటట్టు.

జిగురు సంగతి వినండి. ఫలానా దేశపు గొప్ప జిగురేమో అనుకున్నాను. మందుల షాపులో దొరికే ఖాళీ క్యాప్సూలు! అర లీటరు నీళ్లకు ఒకటి, మహా అయితే రెండు. నీళ్లు కూడా బ్యాటరీలలో పోసే శుభ్రమైన నీళ్లు. కుళాయి నీళ్లయితే ఆరాక మచ్చ మిగులుతుందట. కాచి, వడగట్టి, చల్లార్చి పెట్టాడు.

‘ఇప్పుడు శాకాహారం క్యాప్సూల్లు గూడ వచ్చినయి సార్. గవి మన పనికి రావు. అడిగి తెచ్చుకోవాలె’ అన్నాడు.

హోమియో డాక్టరు బోర్డును అల్లోపతి క్యాప్సూలు నిలబెడుతున్నదంటే మా ఆవిడ ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

‘బిడ్డా, పంకా బంద్ జెయ్యి’ అని కేకవేశాడు మనవణ్ణి. పంకా ఆగింది. స్టిక్కరు యంత్రం ఆగింది. తలుపు మూశారు. ‘మీరు గూడ గట్టిగ శ్వాస ఇడువకుండ్రి’ అని మాకూ చెప్పాడు. ఉస్తాద్ వెడల్పాటి మెత్తని కుంచెతో గాజు మీద నీళ్లు జాలువార్చాడు. రేకుల పుస్తకం తెరిచాడు. పలుచని వుడుత వెంట్రుకల కుంచె ఒకటి తీసి తన చెంపకు ఒకసారి రాసుకున్నాడు. చెంపకుండే ఆ కాస్త జిడ్డే రేకును పట్టుకునేది. కుంచె తాకించగానే రేకు అంచు లేచి వచ్చింది. గాజుకు ఇంకా అరంగుళం దూరంలో వుండగానే రేకు చివుక్కున దుమికి తడికి అతుక్కుపోయింది. ఎవరో లోపలి నుంచి లాక్కున్నట్టు!

రెండో రేకు మొదటి దాని అంచు మీదికి కొంచెం ఎక్కించి పెట్టాడు. మూడోది. నాలుగోది పెడుతుండగా నీటి చుక్క ఒకటి వాలుకు ఎదురు పాకి, వార్నీషు గట్టు దగ్గరికి వచ్చి ఆగింది. మా ఆవిడ నా ముంజేయి పట్టుకున్నది. చుక్క గట్టు మీద వుబ్బి నిలబడింది. ఉస్తాద్ దూది కొన తీసి దాన్ని అద్దేలోపల గట్టులో ఎక్కడో చిన్న సందు దొరికింది కాబోలు, ‘వై’ పక్కన ఆవగింజంత పాత రేకు తేలి, దూదికి అంటుకుని వచ్చేసింది. అంతే. అక్కడితో ఆగింది.

ఆయన మా ఆవిడ వైపు తిరిగి, ‘అమ్మా, గింత పోయింది’ అని దూది చూపించాడు. దాచలేదు. ఆమె ఆ దూదిని తీసుకుని చేతిరుమాలులో మడిచి పెట్టుకున్నది.

పెట్టినప్పుడు రేకు ముడతలు పడి, మసకగా, చాక్లెట్టు కాగితంలాగా వుంటుంది. ఇంతేనా అనిపిస్తుంది. తడి ఆరే కొద్దీ అంచుల నుంచి లోపలికి మెరుపు పాకుతూ వస్తుంది. పావుగంటలో ముందు వైపుకు వెళ్లి చూస్తే నా ముఖం బంగారంలో కనిపించింది. ఆయనకు మాత్రం అది తృప్తినివ్వలేదు. దూదితో మెల్లగా రుద్ది, చిల్లులున్న చోట మళ్లీ నీళ్లు, మళ్లీ రేకు. పాత పనివాడు కూడా రెండు పొరలు వేశాడట. ‘బగ్గ ఓపిక మనిషి’ అని ఆ తెలియని మనిషిని మెచ్చుకున్నాడు.

మీరనుకుంటున్నారు, బంగారంతో అక్షరాలు రాశాడని. కాదు. అప్పటికి ఆ మూల అంతా ఒట్టి బంగారపు అతుకు, అక్షరమనేదే లేదు. అక్షరం ఆ తరువాత వస్తుంది, నల్లరంగుతో. రేకు వీపు మీద అక్షరం వున్నంత మేర నల్లరంగు పూసి, ఆరనిచ్చి, తడి దూదితో తక్కిన బంగారమంతా తుడిచేస్తారు. రంగు కాపాడినంత మేరే బంగారం మిగులుతుంది. ముందు నుంచి చూసేవాడికి అదే అక్షరం.

మరి పోయిన అక్షరాల రూపమేమిటి? ‘హోమియో’లో ‘య’ పాత పనివాడి చేతిదే వుంది, దాని పొట్ట వంపు దొరికింది. ‘ద్యు’కూ ‘లు’కూ ఆధారం లేదు. మా ఆవిడ తన సంచిలోంచి ఒక ఫోటో తీసింది. వైద్యశాల తెరిచిన రోజు, దండలు వేసుకుని గుమ్మంలో నిలబడ్డ మా మామగారు. తల వెనక ఈ బోర్డే. బంగారం మీద వెలుతురు కొట్టి ‘ద్యు’ తెల్లగా మాడిపోయింది గాని, ‘లు’ మాత్రం కొమ్ము చివరి మెలికతో సహా కనిపిస్తున్నది. ఉస్తాద్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. పల్చని కాగితం మీద పెన్సిలుతో ‘ద్యు’ ఏడెనిమిది సార్లు రాశాడు. తలకట్టు ఒకసారి పొడుగైందన్నాడు, ఒకసారి బరువైందన్నాడు. నాకన్నీ ఒకేలాగ కనిపించాయి. మా ఆవిడ మాత్రం ఆరోదాని మీద వేలు పెట్టి ‘ఇది’ అన్నది. ఆయన తల వూపాడు.

ఆ కాగితానికి గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, బోర్లా తిప్పి, బంగారం వీపు మీద పెట్టి, సుద్దపొడి మూటతో అద్దాడు. చుక్కల గీతలుగా అక్షరం తిరగబడి దిగింది. ఇక కుంచె పట్టాడు. ఇక్కడ ఒక వింత చూశాను. గాజు వెనక రాసేటప్పుడు తెలుగు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఉర్దూలాగా. ఉర్దూ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, తెలుగులాగా. ఆయన ‘ద్యులు’ పూర్తి చేసి, అదే కుంచెతో కిందికి దిగి ‘డాక్టర్’ తల అతికించాడు. ఒక చేతిలో రెండు భాషలూ దారులు మార్చుకుని వెళ్లాయి.

‘తిరగేసి రాయడం కష్టంగా లేదా ఉస్తాద్?’ అని అడిగాను.

‘సీదా రాసుడే కష్టమైతది సార్ ఇప్పుడు. ఇంట్ల పాలోనికి చిట్టీ రాస్తె గూడ చెయ్యి ఎన్కకు పోతది’ అన్నాడు. ‘సున్న ఒక్కటే మంచిది. ఎటు జూసినా సున్ననే.’

మనవణ్ణి అడిగాను, ఈ పని నేర్చుకుంటున్నావా అని. కుర్రవాడు మర్యాదస్తుడు. ‘చూస్తుంట సార్. కాని మూడక్షరాలకు మూడు రోజులు కూసుంటే దుకాణం కిరాయి ఎట్ల?’ అన్నాడు. ఉస్తాద్ విననట్టు కుంచె కడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. నేనైనా ఇన్నేళ్లలో ఆయన దగ్గరికి తెచ్చిన పని ఇదొక్కటే గదా. అన్నట్టు, తుడిచిన దూదిని ఆయన పారెయ్యడు. పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తాడు. డబ్బా నిండాక కాల్చి కరిగిస్తే కాస్త బంగారం దిగుతుందట. డబ్బా నిండటానికి పూర్వం ఎన్నాళ్లు పట్టేదో, ఇప్పుడు ఎన్నాళ్లు పడుతున్నదో నేను అడగలేదు.

చివరికి అక్షరాల వీపు మీద, చుట్టూ నల్లరంగు రెండు పూతలు పూసి, అంచుల వెంట వార్నీషు దట్టించాడు. జాగ్రత్తలు చెప్పాడు: వంటింటి గోడకు, స్నానాల గది గోడకు తగిలించవద్దు. చట్రానికీ గోడకూ మధ్య గాలి ఆడే సందు వుండాలి. ముందు వైపు ఏ గుడ్డతోనైనా తుడవండి, వెనక వైపు ఎవరినీ ముట్టనివ్వకండి. రేకుల ఖరీదు వేరే, కూలి వేరే చెప్పాడు. కూలి రేకులకంటే చాలా తక్కువ. మా ఆవిడ దాన్ని రేకుల ఖరీదుతో సమానం చేసి ఇచ్చింది. ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

బోర్డు ఇప్పుడు మా అబ్బాయి క్లినిక్కులో, రోగులు కూర్చునే గదిలో వుంది. బోయిగూడ టేకు చట్రం, అదే వడ్రంగి చేసినది. ఉదయం పూట కిటికీ వెలుతురు పడితే కొత్త అక్షరాలు మూడూ పాతవాటి కన్నా ఒక వన్నె ఎక్కువ పసుపుగా కనిపిస్తాయి. మా అబ్బాయి మొదట అదొక లోపమన్నాడు. ఈమధ్య తన దగ్గరికి వచ్చినవాళ్లకు తానే చూపిస్తున్నాడు, ఏది తాతయ్య నాటిది, ఏది మొన్నటిది అని.

‘వై’ పక్కన ఆవగింజంత నల్లచుక్క అట్లాగే వుంది. దాన్ని కూడా నింపిద్దామా, ఉస్తాద్‌కు ఎంతసేపు పని అన్నాడు మావాడు.

‘వుండనీ. అది నా ఎదురుగుండా పోయింది’ అన్నది మా ఆవిడ.